గోడలో కెర్డో గూడు

కెర్డో నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున పని దగ్గర విన్న మాట మధ్యాహ్నానికి సుబుర్రా వాడ సందుల్లో చాకలివాళ్ళ తొట్ల దగ్గరికి, సాయంత్రానికి రొట్టెల బట్టీ దగ్గరికి చేరిపోయేది. అలాంటి మనిషిని పిలిచి మేస్త్రీ రూఫియో ఏమన్నాడయ్యా అంటే, "మినర్వా దేవి గుడి శిఖరాన మొనరాయి కూర్చున్నాక, రాళ్ళెత్తే మాను కొసన కొమ్మలు కట్టేది నువ్వేరా" అన్నాడు. ఇంకేముంది, చీకటి పడకముందే అతను అద్దెకుండే మేడలో పై అంతస్తు మొదలుకుని కింది పూటకూళ్ళ కొట్టు దాకా తెలియనివాళ్ళు లేరు. కొట్టువాడు కెర్డోకి గంజిలో ఇంకో గరిటె ఎక్కువ వేశాడు. రోజూ మెట్ల మీద తిట్టుకునే పక్కగది ముసలమ్మ కూడా ఆ రోజు దారి ఇచ్చింది.

అతని భార్య వెనూస్తా నాటకశాల మెట్ల మీద ఉడికించిన శనగలు అమ్మేది. ఊరి మాటలన్నీ ఆమె బుట్ట దగ్గరికే వచ్చేవి కాబట్టి, మొగుడి ఘనత ఆమెకు మొగుడి నోట కాకుండా ఎవరో తోళ్ళవాడి నోట తెలిసింది. ఇంటికొచ్చి బుట్ట దించుతూ, "నువ్వు ఎక్కకముందే నీ మాట ఎక్కి కూర్చుందయ్యా ఆ మాను మీద. రేపు ఏదన్నా తేడా వస్తే ఆ ముఖాలన్నిటికీ జవాబు చెప్పాల్సింది నేను" అంది. అంది గానీ, ఆ పూట శనగల్లో చేపపులుసు రెండు చుక్కలు ఎక్కువే పోసింది.

కెర్డో చేసేది నడవడం. రాళ్ళెత్తే మాను పక్కన మనిషికి రెండింతల ఎత్తున చెక్కచక్రం ఉంటుంది. దాని కడుపులో ఐదుగురు నిలబడి నడుస్తుంటే చక్రం తిరుగుతుంది, మోకు చుట్టుకుంటుంది, మాను కొసనున్న గిలకల మీదుగా రాయి లేస్తుంది. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటారు. వాళ్ళకు కనిపించేది పాదాల కింద పలకలు, ముందున్నవాడి వీపు, అంతే. రాయి ఎక్కడుందో బయటినుంచి మేస్త్రీ కూతలేస్తే తెలియాలి. ఆగు అంటే ఆగాలి, నడు అంటే నడవాలి.

ఆ పని అతనికి ఒంటి బరువు వల్ల దొరికింది. నూనెవర్తకుడి వంటింట్లో బానిసగా పుట్టాడు. తల్లి నైసా అక్కడే పాత్రలు తోమేది. యజమాని పోతూ పోతూ వీలునామాలో ఇద్దరినీ వదిలేశాడు. స్వేచ్ఛ వచ్చింది, పొయ్యి మాత్రం పోయింది. చేతిలో ఏ విద్యా లేని కెర్డోని చూసి మేస్త్రీలందరూ వెళ్ళమన్నారు. రూఫియో ఒక్కడు అతని చుట్టూ ఓసారి తిరిగి, నడుం మీద చరిచి, "వీడు ఒకటిన్నర మనిషి. చక్రంలో వేయండి" అన్నాడు. మొదటిరోజు అందరికన్నా పెద్దవాడైన బితూస్, థ్రేస్ దేశం నుంచి వచ్చిన ముసలాయన, చెప్పిన పాఠం కూడా చిన్నదే. "కళ్ళతో పనిలేదు అబ్బాయ్. నా పాదం పడ్డప్పుడే నీ పాదం పడాలి. నువ్వు ముందేస్తే నేను పడతాను, నువ్వు వెనకేస్తే రాయి పడుతుంది."

పాదాలు కలవాలంటే పాట కావాలి. కెర్డోకి గొంతు ఉంది, బూతులు కూడా ఉన్నాయి. ఊళ్ళో పెద్దమనుషుల మీదల్లా చరణాలు కట్టి చక్రంలో పాడేవాడు. చక్రం మూసి ఉంటుంది కాబట్టి పైకి వినపడదని అతని ధైర్యం. ఐదుగురూ నవ్వుకుంటూ నడిచేవారు, రాళ్ళు లేచేవి. అందరికన్నా ఎక్కువ నవ్వించింది ఒగుల్నియస్ గుండు మీద కట్టిన చరణం.

ఆ ఒగుల్నియస్ ఎవరంటే కట్టుబడి పనివాళ్ళ సంఘానికి పెద్ద. కెర్డో బతుకులో పెద్ద కోరిక ఏదన్నా ఉందంటే అది ఆ సంఘంలో చేరడం. ఊరేగింపులో జెండా వెనక నడుద్దామని కాదు, సంఘం విందుల్లో పంది మాంసం తిందామనీ కాదు, అవి కూడా చేదేమీ కాదనుకోండి. అతని బాధ వేరు. తల్లి ఒక వేసవి జ్వరంలో పోయింది. ఆ పూట కెర్డో చక్రంలో ఉన్నాడు. అతను వచ్చేసరికి నగరం బండి వచ్చి వీధిలో పోయినవాళ్ళందరితో పాటు ఆమెనూ ఎత్తుకెళ్ళి, ఊరి ద్వారం అవతల పేదల గోతుల్లో వేసేసింది. ఏ గోతిలోనో చెప్పినవాడు లేడు. ఏటా ఫిబ్రవరిలో పెద్దల దినాలకు జనం ద్రాక్షసారాలో తడిపిన రొట్టె, పూలు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతుంటే, కెర్డో ఆ గోతుల గట్టు మీద నిలబడి, రొట్టె ఎటు వేయాలో తెలియక ఎటో ఒకవైపు విసిరి వచ్చేసేవాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు. వెనూస్తాకి ఆ గతి పట్టకూడదు, అంతే.

సంఘానికి ఊరి బయట అప్పియా దారి పక్కన సొంత సమాధిగృహం ఉంది. లోపల గోడనిండా, పోయినవాళ్ళ బూడిదకుండలు పెట్టడానికి, పావురాల గూళ్ళలా గూళ్ళు. సంఘంలో ఉన్నవాడికి, అతని భార్యకి కలిపి ఒకటి. పైన పేరు చెక్కిన పలక. కెర్డో ఒకసారి ధైర్యం చేసి ఒగుల్నియస్‌ని అడిగాడు కూడా. ఆయన పళ్ళు కుట్టుకుంటూ, "మాది చేతులతో కట్టేవాళ్ళ సంఘం నాయనా. కాళ్ళతో నడిచేవాళ్ళని చేర్చుకుంటే రేపు గాడిదలు కూడా వచ్చి నిలబడతాయి" అన్నాడు. గుండు మీద చరణం పుట్టింది ఆ రాత్రే.

అయితే సంఘంలో పాతకాలం ఆనవాయితీ ఒకటి ఉంది. కట్టడం పూర్తయ్యాక మాను కొసన శుభానికి గుర్తుగా లారెల్ చెట్టు కొమ్మలు కట్టినవాడు ఎవడైనా సరే, ఆ కట్టడాన్ని కట్టినవాళ్ళలో ఒకడే. వాడు అడిగితే సంఘం కాదనకూడదు. రూఫియో ఇచ్చిన మాట విలువ అదీ. కెర్డో దాన్ని ఊరంతా చాటాడంటే తప్పు పట్టే ముందు మీరే ఆలోచించండి.

మొనరాయి ఎత్తే రోజు సుబుర్రా ఖాళీ అయిపోయింది. చాకళ్ళు తొట్లు వదిలేసి వచ్చారు, మంగళ్ళు సగం గీసిన గడ్డాలతో మనుషుల్ని వెంటబెట్టుకొచ్చారు. గుడి ముందు స్తంభాల వరస సున్నపు దుమ్ములో తెల్లగా మెరుస్తోంది. వాటి మీద త్రికోణపు ముఖభాగం దాదాపు నిండింది, శిఖరం దగ్గర ఒక్క రాయికి మాత్రం చోటు మిగిలింది. ఒగుల్నియస్ వాడపెద్ద ఎన్నికకు నిలబడ్డాడు కాబట్టి, సుద్ద రుద్దిన తెల్లటి టోగా ఒంటికి చుట్టుకుని వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఎండకు టోగా మెరుస్తోంది, పైన గుండు మెరుస్తోంది, ఏది ఎక్కువ మెరుస్తోందని జనంలో అప్పుడే వాదన మొదలైంది. ఆయన వెనక మనుషులు మూతలేసిన గంపలతో సిద్ధంగా ఉన్నారు. వెనూస్తా శనగల బుట్టతో ముందువరసలో చోటు పట్టింది, ఆ రోజు అమ్మాలన్న ధ్యాసే లేదు.

చక్రంలో కెర్డో నడుస్తున్నాడు. కొమ్మలు ముందే వీపుకు కట్టుకున్నాడు. వాటి ఆకులు వెనకవాడి ముక్కుకు తగిలి వాడు తుమ్ముతున్నాడు.

"ఒరేయ్ పెళ్ళికొడకా, ఆ తోరణం కాస్త తర్వాత కట్టుకోకూడదట్రా?" అన్నాడు బితూస్.

"ఆలస్యమైతే రూఫియో మనసు మార్చుకుంటాడు మామా. నీకు తెలియదు."

"మనసు కాదురా, ముందు అడుగు మార్చు. గంతులేస్తున్నావు."

కెర్డో నిజంగానే గంతులేస్తున్నాడు. పాట మీద పాట అందుకున్నాడు, మనసు ముందే మాను కొసకు ఎగిరిపోయింది. రాయి లేచింది, స్తంభాలు దాటింది, కప్పు దాటింది. "ఆగు" అని రూఫియో కూత వినపడింది. ఐదుగురూ ఆగారు. పాదాలు పలకల మీద బిగపట్టి నిలబడ్డారు. అప్పుడు బయట జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. చప్పట్లు, ఈలలు, కేకలు.

చక్రంలో ఉన్నవాడికి రాయి కనపడదని చెప్పాను కదా. రాయి కూర్చుంటే జనం అరుస్తారు. జనం అరిచారు, కాబట్టి రాయి కూర్చుంది. కెర్డో లెక్క అదీ. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. తప్పల్లా ఒకటే, ఆ రోజు ఒగుల్నియస్ ఎన్నికల్లో ఉన్నాడు. ఆయన మనుషులు గంపల మూతలు తీసి జనంలోకి తేనెరొట్టెలు విసరడం మొదలుపెట్టారు.

"కూర్చుంది మామా" అంటూ కెర్డో చక్రం పక్కసందులోంచి బయటికి దూరాడు.

"మేస్త్రీ దించమనలేదురా. ఆగు. కెర్డో, ఆగరా" అని బితూస్ అరుస్తూనే ఉన్నాడు.

ఎవరు వింటారు. చొక్కా మోకాళ్ళ పైకి దోపి, మాను మీద కొట్టిన అడుగుకట్టెలు పట్టుకుని ఎగబాకుతున్నాడు. జనం అతన్ని చూసి ఇంకా పెద్దగా అరిచారు. మేడలోవాళ్ళంతా పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒకటిన్నర మనిషి కోతిలా ఎక్కుతుంటే ఎవరికి సంబరం కాదు చెప్పండి. కొసకు చేరి, ఒక చేత్తో మాను కావలించుకుని, రెండో చేత్తో కొమ్మలు విప్పి, అప్పుడు పక్కకు చూశాడు.

రాయి గాల్లో ఉంది.

కూర్చోవలసిన చోటుకు మూరెడు ఎత్తున, మోకుకు వేలాడుతూ ఉంది. దాని కింద ఇద్దరు రాతిపనివాళ్ళు సున్నం పరిచిన గద్దె మీద మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి ఉన్నారు. కెర్డో చూస్తుండగానే రాయి ఒక్క బెత్తెడు కిందికి జారింది. మాను గుండెల్లోంచి సన్నటి మూలుగు వచ్చింది. కింద చక్రంలో ఒకటిన్నర మనిషి బరువు లేదు. ఉన్న నలుగురు వెనక్కి తిరుగుతున్న చక్రాన్ని ఆపలేక తడబడుతున్నారు, ఒకడి పాదం ముందు, ఒకడి పాదం వెనక. దిగిపోదామంటే దిగేలోపు ఇద్దరూ రాయి కింద నలిగిపోతారు. కొమ్మలు చేతిలోంచి ఎప్పుడు పడిపోయాయో కూడా తెలియలేదు. రెండు చేతులా మాను పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి పాట అందుకున్నాడు.

ఆ క్షణాన దేవుళ్ళ మీద పాట రావచ్చు. రూఫియో కడుపు మీద ఉన్నది రావచ్చు. నాలుక మీదికి వచ్చింది మాత్రం ఇదే:

"అడుగెయ్యి అన్నా — అడుగెయ్యి తమ్ముడా
ఒగుల్ని గుండు — అద్దంలా మెరిసెనే
ఒంటరి పిట్ట — కాలు జారి పడెనే"

జనం తలలెత్తి చూశారు. చేతిలో తేనెరొట్టె, ఎదురుగా ఆ రొట్టె ఇచ్చిన గుండు, పైనుంచి ఈ పాట. ముందు ఒక మంగలి నవ్వాడు. తర్వాత వెనూస్తా శనగల బుట్ట కింద పెట్టి, మొగుడి ముఖంలో రంగు చూసి, రాయి వైపు చూసి, సంగతి గ్రహించి, చప్పట్లతో పాట అందుకుంది. పాదాలు కలిపే పాట అది, పాదాలు కలిస్తేనే రాయి ఆగుతుందని ఆమెకు తెలుసు. సుబుర్రా అంతా ఆమె వెనకే అందుకుంది. చాకళ్ళు పాదాలతో బట్టలు తొక్కే తాళంలో నేల తొక్కారు. అడుగెయ్యి అన్నా. ఒగుల్ని గుండు. గుడి రాళ్ళు మారుమోగాయి. ఆ హోరు చక్రం పలకల్లోంచి దూరి నలుగురి చెవుల్లో పడింది, ఎనిమిది పాదాలూ ఒక్క పాదంలా పడ్డాయి. రూఫియో తిట్టుకుంటూ పరుగెత్తి, తన బొజ్జతో సహా ఆ సందులోంచి చక్రంలోకి దూరాడు. ఆ బొజ్జ ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది. రాయి ఆగింది. ఆగి, బెత్తెడు లేచింది. పైనున్నవాళ్ళు దాన్ని సరిచూసి చెయ్యి ఊపారు. మెల్లగా, పాట మీదే, మినర్వా గుడి మొనరాయి తన గద్దె మీద కూర్చుంది.

ఈసారి జనం అరిచింది దానికే.

కెర్డో కిందికి దిగేసరికి కొమ్మలు దుమ్ములో పడి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, కిందపడ్డ కొమ్మ అపశకునం అంటారు. బితూస్ చక్రంలోంచి కుంటుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. కెర్డో నేల చూపులు చూస్తూ, "నన్ను కొట్టు మామా" అన్నాడు.

"కొడతాను. ఇవాళ కాదు. ఇవాళ చేతులు లేవడం లేదు."

"నావల్ల ఇద్దరు పోయేవాళ్ళు."

"పోయేవాళ్ళే. నీవల్లే పోలేదు కూడా. రెండూ నిజమే, రెండూ మొయ్యి."

అప్పుడు జనం పక్కకు తొలిగారు, ఒగుల్నియస్ వచ్చాడు. ఆయన ముఖం ఉడికిన ఎండ్రకాయలా ఉంది. "ఎవడ్రా నా గుండు మీద పాట కట్టింది" అన్నాడు. కెర్డో తనంతట తానే, "నేనేనండి. చక్రం వదిలి వచ్చిందీ నేనే. నన్ను సంఘంలో చేర్చుకోకండి, అడగను. పాట మాత్రం, మరి, అదొక్కటే గుర్తొచ్చిందండి" అన్నాడు.

ఒగుల్నియస్ నోరు తెరిచేలోపు వెనూస్తా అందుకుంది. "అయ్యగారూ, సామ్రాట్టు గెలిచి రథమెక్కి వస్తుంటే సైనికులు వెనకాల ఏం పాడతారండీ? పొగుడుతారా? ఆయన పెళ్ళాం సంగతులు, అప్పుల సంగతులు, గుండు సంగతులు పాడతారు. ఆయన నవ్వుతూ కూర్చుంటాడు. దిష్టి తగలకుండా పాడతారండీ అవి. అంత గౌరవం ఇవాళ మా ఆయన మీకు చేశాడు. కాదంటే ఈ జనాన్ని అడగండి, మీ పేరు తెలియనివాడు ఇక్కడ ఒక్కడున్నాడేమో."

జనానికి అంతే చాలు. నాటకశాలలో కోరిక కోరేటప్పుడు అరిచినట్టు, తాళం వేస్తూ అందుకున్నారు. ఒగుల్నియస్. ఒగుల్నియస్. మధ్యలో ఎవడో "చేర్చుకో" అని కలిపాడు. ఒగుల్నియస్ — చేర్చుకో. ఒగుల్నియస్ — చేర్చుకో. ఎన్నికల్లో ఉన్న మనిషికి అంతమంది నోట తన పేరు వినపడితే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఉడికిన ముఖం మెల్లగా చల్లారింది. చెయ్యి ఎత్తి గుండు నిమురుకున్నాడు. జనం విరగబడి నవ్వారు, ఆయనా నవ్వక తప్పలేదు.

"ఆనవాయితీ ఉందిగా" అన్నాడు చివరికి. "కొమ్మలు కట్టినవాడిని కాదనం. కట్టనివ్వండి."

"కొమ్మలు కింద పడ్డాయండి. అశుభం" అన్నాడు రూఫియో.

బితూస్ వంగి, నడుం పట్టుకుని, కొమ్మలు ఏరి దుమ్ము దులిపాడు. "పడ్డది కొమ్మ. రాయి కాదు" అంటూ వాటిని కెర్డో చేతిలో పెట్టాడు. "ఎక్కరా. ఈసారి మమ్మల్ని అడిగి ఎక్కు."

"ఎక్కనా మామా?"

"ఎక్కు."

మర్నాడు పొద్దున్నే మొగుడూపెళ్ళాలిద్దరూ అప్పియా దారి పట్టారు. కొత్త ఇల్లు చూడబోతున్నవాళ్ళ హడావుడే. వెనూస్తా ఉన్న రెండు పైబట్టల్లో మంచిది చుట్టుకుంది, కెర్డో గడ్డం గీయించుకున్నాడు. సమాధిగృహం కాపలాదారు దీపం పట్టుకుని మెట్లు దింపి, గోడలో ఒక ఖాళీ గూడు చూపించాడు. లోపల రెండు బూడిదకుండలు పట్టేటన్ని రెండు గుంతలు, పైన ఏమీ చెక్కని పలక. వెనూస్తా చెయ్యి లోపలికంటా పెట్టి గోడ తడిమింది. పక్కగూటి పలక మీద పేరు చదివించుకుంది, ఎవరో పెంకులు కాల్చే ఆయన. ఇరుగుపొరుగు మంచివాళ్ళేనా అని కాపలాదారుని అడిగింది. నిక్షేపంగా ఉంటారమ్మా, ఒక్కరూ నోరెత్తరు అన్నాడు వాడు.

"మన గదికన్నా పొడిగా ఉందయ్యా" అంది కెర్డోతో. "పైనుంచి నీళ్ళు కారవు. అద్దెకు తలుపు కొట్టేవాడూ లేడు."

కెర్డో నవ్వబోయి ఆగాడు. ఆ గుంతలనే చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు అర్థమైంది.

"పలక మీద ఏం చెక్కాలి?" అన్నాడు కాపలాదారు.

"నైసా అని చెక్కు. పైన, పెద్దగా" అంది వెనూస్తా. "ఈయన వాళ్ళమ్మ."

"బూడిద తెచ్చారా?"

"లేదు."

కాపలాదారు దీపం ఎత్తి ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఉన్నవి రెండే గుంతలమ్మా. ముగ్గురి పేర్లు రాస్తే రేపు చోటు చాలదు."

"మా అత్తగారికి చోటక్కర్లేదు నాయనా, పేరుంటే చాలు. ఫిబ్రవరిలో ఈయన రొట్టె పెట్టుకోవడానికి" అంది వెనూస్తా. "మేమిద్దరం సర్దుకుంటాం."